పాట వెనుక గొంతు

కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసం పంపవలసిందిగా సంపాదక వర్గం వారు కోరినప్పుడు నేను కొంత సందేహించాను. పూర్వ విద్యార్థులు సాధారణంగా క్రమశిక్షణను గూర్చి, కాలం విలువను గూర్చి వ్రాస్తారు. ఆ రెండింటిలోను నాకు చెప్పుకోదగిన అర్హత లేదు. విద్యార్థి దశలో పాఠ్య గ్రంథాలపై ఉంచిన శ్రద్ధ కంటె పాశ్చాత్య సంగీతంపై నేను ఉంచిన శ్రద్ధయే అధికం. కనుక నాకు కాస్త తెలిసిన ఆ విషయాన్నే వ్రాస్తున్నాను. పెద్దలు మన్నింతురు గాక.

1960, 1970 దశకాలలో ఇంగ్లండులోను, అమెరికాలోను వెలువడిన కొన్ని రాక్, సోల్ ఆల్బమ్‌లను గూర్చిన నా అభిప్రాయాలు ఇవి. ఆల్బమ్ అంటే పది పన్నెండు పాటల మూట అని చాలామంది భావిస్తారు. నా దృష్టిలో మంచి ఆల్బమ్ ఒక కావ్యం వంటిది. రెండు వైపులు కలిపి నలభై నిమిషాలు పట్టే ఆ నల్లని రికార్డులో ఏ పాట తరువాత ఏ పాట రావాలి, మొదటి వైపు ఎక్కడ ముగియాలి అన్నది కవి సర్గలను విభజించినంత శ్రద్ధతో నిర్ణయించేవారు. సెల్‌ఫోనులో ఒక్కొక్క పాటను ఏరుకొని వినే నేటి విద్యార్థులకు ఈ మాట వింతగా తోచవచ్చు.

నేను ఈ కళాశాలలో చేరింది 1987లో. మా పెద్దన్నయ్యను ఇంట్లో అందరమూ భాయిజాన్ అని పిలిచేవాళ్ళం. ఆయన అప్పటికే మూడేళ్ళుగా కువైట్‌లో ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నారు. 1988లో సెలవుపై వచ్చినప్పుడు రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డరు ఒకటి తెచ్చారు. ఆ యంత్రం ఇంటికి వచ్చిన ముఖ్య కారణం సంగీతం కాదు. ఆ రోజులలో గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఉత్తరాలకు బదులు తమ మాటలను క్యాసెట్లో నింపి పంపడం వాడుక. మా అమ్మీకి చదువు రాదు. ఉత్తరమైతే ఇంకొకరు చదివి వినిపించాలి, క్యాసెట్ అయితే కొడుకు గొంతునే వినవచ్చు. ఆ యంత్రం వచ్చింది అందుకే. మిగిలిన వేళలలో అది నా వశంలో ఉండేది.

ఆదివారం ఆబిడ్స్ కాలిబాటపై అమ్మే పాత ఇంగ్లీషు పత్రికలు కొని, వాటిలో విమర్శకులు పొగిడిన ఆల్బమ్‌ల పేర్లు నోటు పుస్తకంలో ఎక్కించుకొని, ఎవరి వద్ద క్యాసెట్ ఉన్నదని తెలిస్తే వారి ఇంటికి పోయి బ్రతిమాలి తెచ్చుకొనేవాడిని. బీటిల్స్ బృందం 1967లో వెలువరించిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ నాకు అప్పుడు పరమ ప్రమాణం. కేవలం నాలుగు ట్రాకుల యంత్రంపై, జార్జ్ మార్టిన్ అనే నిర్మాత సహాయంతో, ఆ నలుగురు అన్ని ధ్వనులను ఎట్లా పేర్చారా అని ఆశ్చర్యపోయేవాడిని. చివరి పాటలో అనేక పియానోలపై ఒకేసారి మీటిన స్వరం నలభై సెకన్లకు పైగా మ్రోగి, మెల్లమెల్లగా శూన్యంలో కలిసిపోతుంది. ఆ స్వరం పూర్తిగా ఆగేవరకు ఊపిరి బిగబట్టి కూర్చొనేవాడిని.

దానికి సాటి అనదగినది పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగిసే ఆల్బమ్ అది. నడుమ గడియారాల గంటలు, నాణేల గలగల, నవ్వులు వినిపిస్తాయి. ఆ బృందంలోని రోజర్ వాటర్స్ కొన్ని ప్రశ్నలను అట్టలపై వ్రాసి స్టూడియోలో కనబడినవారినల్లా అడిగి, వారి జవాబులను రికార్డు చేసి పాటల మధ్య ఉంచాడు. ఆ గొంతులలో ఆ భవనపు కాపలాదారు గొంతు కూడా ఉంది. ఎంతటి ఊహ అని మురిసిపోయేవాడిని.

నా సహాధ్యాయి ఒకడు ఈ విషయంలో నాకు బద్ధ విరోధి. అతనికి రాక్ అంటే అంత మక్కువ లేదు. అతనికి ఇష్టమైనది సోల్. అమెరికాలో నల్లజాతివారి చర్చిలలో పుట్టిన గాస్పెల్ గానరీతి, వారి రిథమ్ అండ్ బ్లూస్ కలిసి 1950, 60 దశకాలలో రూపుదిద్దుకొన్న సంగీతం అది. డెట్రాయిట్ నగరంలో మోటౌన్, మెంఫిస్ నగరంలో స్టాక్స్ సంస్థలు దానికి పుట్టినిళ్ళ వంటివి. ఓటిస్ రెడ్డింగ్, అరెథా ఫ్రాంక్లిన్, మార్విన్ గే, స్టీవీ వండర్ అతని ఆరాధ్య గాయకులు. నేను అతని అభిరుచిని తేలికగా తీసివేసేవాడిని. “అవి నాట్యం చేసుకొనే పాటలు. ఒక్కొక్క పాట బాగుండవచ్చు గాని, ఆల్బమ్ అనదగిన రచన వారిలో ఎవరు చేశారు?” అనేవాడిని. అతడు ఒకనాడు వరండాలో నిలబడి, “నీవు వినేది యంత్రాలను. నేను వినేది మనిషిని” అన్నాడు. తరువాత ఒక తొంభై నిమిషాల క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. దాని ఒక వైపు మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’, రెండవ వైపు స్టీవీ వండర్ ‘ఇన్నర్‌విజన్స్’ ఉన్నాయి. మర్యాదకు పుచ్చుకొన్నాను, వినలేదు. అటక మీద పడవేశాను.

ఇప్పుడు నేను చేసిన ఒక పనిని చెప్పవలసి ఉంది. 1990 వేసవిలో ‘డార్క్ సైడ్’ మంచి ప్రతి ఒకటి నాకు ఒక్క రాత్రికి దొరికింది. నా దగ్గర ఉన్న ప్రతి బాగా అరిగిపోయింది. కొత్త క్యాసెట్ కొనడానికి డబ్బు లేదు. ఇంట్లో భాయిజాన్ పంపిన మాటల క్యాసెట్లలో చివరిది ఉంది. పాతవాటిని ఆయనే సెలవుపై వచ్చినప్పుడు చెరిపి, మళ్ళీ మాటలు నింపి పంపడానికి తీసుకొనిపోయేవారు. క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరగ్గొడితే దానిపై మరల రికార్డు చేయడం సాధ్యం కాదు. ఆ సంగతి మా ఇంట్లో నాకు ఒక్కడికే తెలుసు. రెక్కలు విరగలేదు. ఆ అరవై నిమిషాల క్యాసెట్ మీద, భాయిజాన్ మాటల మీద, పింక్ ఫ్లాయిడ్‌ను ఎక్కించాను. అమ్మీ దానిని అప్పటికే చాలాసార్లు విన్నది కదా, మరొకటి త్వరలోనే వస్తుంది కదా అని నాకు నేను సమాధానం చెప్పుకొన్నాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. టెలిఫోను లేదు, ఉత్తరం లేదు. అక్కడ చిక్కుకొన్న లక్షకు పైగా భారతీయులలో భాయిజాన్ ఒకరు. ఇరుగుపొరుగువారు వచ్చి ధైర్యం చెప్పి పోయేవారు. నాలుగవ నాడో అయిదవ నాడో సాయంకాలం అమ్మీ, “వాడి టేపు పెట్టండి. గొంతైనా వింటాను” అన్నది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. చెల్లెలు క్యాసెట్ తెచ్చి యంత్రంలో పెట్టింది.

మొదట గుండె చప్పుడు వచ్చింది. అమ్మీ ఏమీ అనలేదు. తరువాత ఒక మగవాని గొంతు ఇంగ్లీషులో రెండు మాటలు పలికింది. అమ్మీ తల ఎత్తి, “ఇది ఎవరి గొంతు?” అని అడిగింది. నేను జరిగినది చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. చెల్లెలు యంత్రాన్ని ఆపబోయింది. అమ్మీ వద్దని చేయి అడ్డం పెట్టింది. కొడుకు గొంతు ఎక్కడో లోపల మిగిలి ఉంటుందని ఆమె నమ్మకం. క్యాసెట్ల పనితీరు తెలిసిన నాకు ఆ నమ్మకం లేదు.

ఆమె నమ్మకమే నిజమైంది. ఆ ఆల్బమ్ మొదటి వైపు నిడివి పంతొమ్మిది నిమిషాలు. క్యాసెట్ ఒక వైపు ముప్పై నిమిషాలు. పాటలు ముగిసిన వెంటనే నేను ఆనాడు రికార్డింగును ఆపివేసి ఉన్నాను. అందుచేత అయిదవ పాట ముగిశాక ఒక చిన్న టక్కుమన్న చప్పుడు, దాని వెనుకనే భాయిజాన్ గొంతు, ఒక వాక్యం నడుమ నుండి మొదలైంది. మోకాళ్ళకు నూనె రాసుకోవడం మానవద్దని అమ్మీకి చెబుతున్నారు. గదిలోని తోటివారు వండే పప్పులో ఉప్పు ఎక్కువని నవ్వుతున్నారు. చిన్నవాడు పాటల పిచ్చిలో పడి చదువు పాడుచేసుకొంటున్నాడని విన్నానని నన్ను మందలిస్తున్నారు. పది నిమిషాలు. రెండవ వైపున ఇంకొక ఆరు నిమిషాలు. మా ఇంట్లో మిగిలినది అంతే.

ఆ తరువాత రెండు నెలల పాటు ప్రతి సాయంకాలం అమ్మీ ఆ క్యాసెట్ విన్నది. పాటలను త్రోసివేసి ముందుకు పోనిచ్చేది కాదు. గబగబ త్రిప్పితే టేపు తెగిపోతుందేమోనని ఆమె భయం. కాబట్టి భాయిజాన్ గొంతు రావడానికి ముందు ఆ పంతొమ్మిది నిమిషాల సంగీతాన్నీ ప్రతి దినం వినేది. ఇంగ్లీషు రాని, రాక్ అనే మాట ఎరుగని మా అమ్మీ, విమర్శకులెవరూ వినని విధంగా ఆ ఆల్బమ్‌ను విన్నది. మూడవ పాటలో విమానాశ్రయపు ప్రకటనలు, పరుగెత్తే అడుగుల సవ్వడి, చివర ఒక ప్రేలుడు ఉంటాయి. ఆ చోట చెల్లెలి చేయి గట్టిగా పట్టుకొనేది. గడియారాలు మ్రోగినప్పుడు కళ్ళు మూసుకొనేది.

అయిదవ పాటలో మాటలు లేవు. పియానో వెంట ఒక స్త్రీ గొంతు మాత్రం ఎత్తుకొని, ఎగసి, అలసి, అణగారుతుంది. దాని చరిత్ర నాకు కంఠస్థం. ఆమె పేరు క్లేర్ టారీ. 1973 జనవరిలో ఒక ఆదివారం స్టూడియోకు పిలిచి, మాటలు లేకుండా పాడమన్నారు. ఆమెకు ముప్పై పౌనులు ఇచ్చి పంపారు. 2005లో గాని ఆ పాట రచనలో ఆమెకు భాగం ఉన్నట్లు ఒప్పందం కుదరలేదు. ఇది నేను తరువాత తెలుసుకొన్న సంగతి. అప్పటికి నాకు తెలిసినదల్లా ఆ రికార్డింగు ఎంత గొప్పది అన్నదే. అమ్మీ ఆ పాటను వారం దినాలు విని, ఒక సాయంకాలం నాతో, “ఈ బిడ్డ కూడా ఎవరి కోసమో ఎదురుచూస్తున్నది” అన్నది.

నేను ఆ ఆల్బమ్‌ను వందసార్లు విన్నాను. దాని ధ్వనులను గూర్చి గంటలకొలది వాదించగలను. ఒక్కసారైనా ఆ మాట నాకు తోచలేదు. వరండాలో నా మిత్రుడు అన్న మాటకు అర్థం నాకు ఆనాడు తెలిసింది.

అక్టోబరులో భాయిజాన్ తిరిగి వచ్చారు. జోర్డాను రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుండి మన ప్రభుత్వం నడిపిన విమానాలలో ఒకదానిలో బొంబాయి వచ్చి, చేతిసంచి ఒక్కదానితో ఇంటి ముందు దిగారు. ఆ దినాలలో మంచం మీద కూర్చొని అందరి సంగతులు అడుగుతూ ఉండేవారు. ఎవరి పెళ్ళి అయింది, ఎవరు పోయారు, మలుపులోని ఆ దుకాణం ఇంకా ఉన్నదా, ఎక్కడైనా పని దొరుకుతుందా. జవాబులు వింటున్నట్లే ఉండేవారు గాని చూపు ఎక్కడో ఉండేది.

అప్పుడు అటక మీది క్యాసెట్ తీసి దులిపి ‘వాట్స్ గోయింగ్ ఆన్’ విన్నాను. అది 1971లో వెలువడిన ఆల్బమ్. మార్విన్ గే తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధంలో పనిచేశాడు. అక్కడి నుండి అతడు వ్రాసిన ఉత్తరాలు, తిరిగి వచ్చి చెప్పిన సంగతులు అన్నను కలచివేశాయి. మొదటి పాటకు బీజం వేసినవాడు ఫోర్ టాప్స్ బృందంలోని రెనాల్డో బెన్సన్. 1969లో బర్క్లీ పట్టణంలో యువకులపై పోలీసులు బలప్రయోగం చేయడం చూసి అతడు చలించాడు. మోటౌన్ అధిపతి బెర్రీ గార్డీకి ఆ పాటను విడుదల చేయడం ఇష్టం లేకపోయింది. విడుదలైన తరువాత అది విరివిగా అమ్ముడుపోయేసరికి, పూర్తి ఆల్బమ్ కావాలన్నాడు.

అందులో రెండవ పాట యుద్ధం నుండి ఇంటికి చేరిన సోదరుడి పాట. అతడు పాత స్నేహితులను గూర్చి, ఆటలను గూర్చి అడుగుతాడు. పని దొరకడం లేదంటాడు. అసలు ఇక్కడ ఏమి జరుగుతున్నదో తెలియడం లేదంటాడు. మా ఇంటి మంచం మీద నుండి వస్తున్న ప్రశ్నలే అవి. భాయిజాన్‌కు ఆ పాట వినిపించి, దాని సంగతి చెప్పాను. ఆయన మౌనంగా విని, “తరువాత ఆ తమ్ముడికి పని దొరికిందా?” అని అడిగారు. పాటలో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

సోల్ గాయకులలో ఆల్బమ్ అనదగిన రచన ఎవరు చేశారని అడిగిన నాకు ఇదే ప్రత్యుత్తరం. తొమ్మిది పాటలు, ముప్పై అయిదు నిమిషాలు, చాలా చోట్ల ఒక పాట ఆగకుండా మరొక పాటలోనికి ప్రవహిస్తుంది. మార్విన్ గే తన గొంతుపై తన గొంతునే పేర్చి, ఒకే మనిషి తనతో తాను మాట్లాడుకొంటున్నట్లు పాడాడు. క్రింద జేమ్స్ జేమర్సన్ బేస్ గిటారు నడక వేరుగా వినదగినది. అందులో లోపం లేదని అనను. రెండవ వైపు మొదటి పాట ఏడు నిమిషాలకు పైగా సాగి కొంత విసుగు పుట్టిస్తుంది. అయినను ఆ ఆల్బమ్‌లో ఒక్క శబ్దమైనా మన మెప్పు కోసం పెట్టినట్లు తోచదు.

ఆ క్యాసెట్ రెండవ వైపున ఉన్న ‘ఇన్నర్‌విజన్స్’ 1973 నాటిది. పసితనం నుండి చూపు లేని స్టీవీ వండర్ అందులోని వాద్యాలలో చాలా వాటిని తానే వాయించాడు. మిసిసిపి నుండి న్యూయార్కుకు బ్రతుకుతెరువు కోసం వచ్చి, దిగిన కొద్దిసేపటికే కటకటాల పాలైన ఒక యువకుని కథను ఏడు నిమిషాల పాటలో చెప్పాడు. బస్సు చప్పుళ్ళు, వీధి మాటలు అందులోనూ వినిపిస్తాయి. పింక్ ఫ్లాయిడ్ వాడిన ఉపాయమే అది. కాని ఇక్కడ ఆ చప్పుళ్ళ నడుమ మనకు తెలిసిన ఒక మనిషి ఉన్నాడు.

ఓటిస్ రెడ్డింగ్ 1965 నాటి ‘ఓటిస్ బ్లూ’ను మెంఫిస్‌లో ఒక పాత సినిమా హాలును మార్చి కట్టిన స్టూడియోలో, అధిక భాగం ఒక్క రోజులో పూర్తి చేశాడు. తెల్లవారు, నల్లవారు కలిసి కూర్చొని తినడమే అరుదైన ఆ నగరంలో ఆ స్టూడియోలో వారు కలిసి వాయించారు. అందులో ‘రెస్పెక్ట్’ అనే పాట ఉంది. అలసి ఇల్లు చేరిన పురుషుడు భార్యను మర్యాద కోరే పాట అది. 1967లో అరెథా ఫ్రాంక్లిన్ తన ఆల్బమ్‌లో ఆ పాటనే తీసుకొని, ఆ మర్యాదను స్త్రీ అడుగుతున్నట్లు మార్చింది. మాటలోని అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి, పాఠం చెప్పినట్లు పలికింది. ఓటిస్ పాటలో విన్నపం ఉంది, అరెథా పాటలో హక్కు ఉంది. ఈ రెండు ఆల్బమ్‌లను వరుసగా వినవలసిందిగా మన కళాశాల విద్యార్థినులను ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇంతకూ రాక్, సోల్ అన్న ఈ విభజన గాయకులు చేసినది కాదని నాకు క్రమంగా బోధపడింది. బీటిల్స్ 1963లో వెలువరించిన రెండవ ఆల్బమ్‌లో మూడు పాటలు మోటౌన్ నుండి తీసుకొన్నవే. నేను మెచ్చుకొన్న పాల్ మాకార్ట్‌నీ బేస్ వాదన జేమర్సన్‌ను శ్రద్ధగా విని నేర్చినది. ఓటిస్ రోలింగ్ స్టోన్స్ పాటను పాడాడు, అరెథా బీటిల్స్ పాటలను పాడింది. వారు ఒకరి ఇంటికి ఒకరు రాకపోకలు సాగిస్తూ ఉండగా, శ్రోతలమైన మేము నడుమ గోడ కట్టుకొని, ఇటు కళ, అటు వినోదం అని పేర్లు పెట్టుకొన్నాము. ‘రోలింగ్ స్టోన్’ పత్రిక 2003లో ప్రకటించిన అయిదు వందల ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో ‘సార్జెంట్ పెప్పర్’ ప్రథమ స్థానంలో ఉంది. 2020 జాబితాలో ఆ స్థానం ‘వాట్స్ గోయింగ్ ఆన్’కు లభించింది. నా మిత్రుడు అది చూసి ఫోను చేసి నవ్వాడు. నేను ఓడిపోయానని ఒప్పుకొన్నాను. అయితే జాబితాలు మారుతూనే ఉంటాయి. నేను ఓడినది 1990లోనే.

‘సార్జెంట్ పెప్పర్’ను నేను నేటికీ ఇష్టంగా వింటాను. ‘డార్క్ సైడ్’ను కూడ వింటాను. దానిలోని ఆ కాపలాదారు గొంతు వినబడినప్పుడు మాత్రం, ఊరు పేరు తెలియని ఒక మనిషి గొంతును భద్రపరచుకొనడానికి నా అన్నగారి గొంతును చెరిపివేశానన్న సంగతి గుర్తుకు వస్తుంది. ఇప్పుడు అమ్మీ లేదు. భాయిజాన్ కూడా లేరు. ఆ క్యాసెట్ నా బల్ల సొరుగులో ఉంది. దాని అంచున ఉన్న రెక్కలు రెండింటిని 1990లోనే విరగ్గొట్టాను.

విద్యార్థి మిత్రులారా! ఏ పాట గొప్పది, ఏది కాదు అని మీరు తప్పక వాదించుకోండి. ఆ వయస్సులో అది సహజం, సంతోషకరం. కాని తీర్పు చెప్పే ముందు ఒకసారి పూర్తిగా, మొదటి నుండి చివరి దాకా వినండి. మీకు నచ్చని దానిని అటక మీద వేయకండి. వీలయితే, ఆ భాష రాని మీ తల్లిగారినో తండ్రిగారినో ప్రక్కన కూర్చోబెట్టుకొని వినండి. వారికి ఏమి వినబడిందో అడిగి తెలుసుకోండి.